రోడ్డుకి అవతల బకెట్లు, ఇవతల బ్రష్షులు

సభాధ్యక్షురాలు, మన మేయర్ లొరెట్టా సిపోష్ గారికి, నా పక్కనే కూర్చుని ఇందాకటి నుంచి దొంగచాటుగా గడియారం చూసుకుంటున్న డ్వైట్ ఆంబ్లర్ మాస్టారికి, ఈ హాలు మాకు ఊరికే ఇచ్చిన అగ్నిమాపక దళం వారికి, పొద్దుట్నుంచి వెనక వంటగదిలో పిండిలో బంగాళాదుంప కూరి పిరోగీలు మడిచి మడిచి చేతులు పడిపోయిన చర్చి ఆడవాళ్ళకి, ఆ మూల కుకీల బల్ల దగ్గర భోజనానికి ముందే పని కానిచ్చేస్తున్న పెద్దమనుషులకి, అవునయ్యా, మిమ్మల్నే, కనిపిస్తూనే ఉన్నారు, (నవ్వులు) మా ఊరి జనానికందరికీ నా నమస్కారాలు.

మేయర్ గారు ఇందాక నా గురించి చెప్తుంటే, ఇంత గొప్పావిడ ఎవరా అని నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. నాకంత సీను లేదు. నేను వెర్నా హ్రాబిక్‌ని, కార్లు కడిగేదాన్ని. మా ఆయన లియో, నేను కలిసి మెయిన్ రోడ్డు మీద పెట్టిన కార్ వాష్‌ని ఆయన ఉన్నన్నాళ్ళూ ఇద్దరం, ఆయన పోయాక నేనొక్కదాన్నీ నడిపాను. ఆ బరువు ఇవాళ్టితో దించుకుంటున్నాను. దించుకునే ముందు కాస్త గొప్పలు చెప్పుకోవాలనుంది, అడ్డం రాకండి. ఇన్నేళ్ళూ మీ కార్ల ముందు వంగే ఉన్నాను, ఒక్క పావుగంట నిటారుగా నిలబడనివ్వండి.

ముందు మా వృత్తి గురించి చెప్పాలి. కార్లు కడగడం వృత్తేమిటి అని మీలో కొందరికి మనసులో ఉంటుంది, ఉంటుందని నాకు తెలుసు, ఎందుకంటే నా పెళ్ళప్పుడు మా అత్తగారు కూడా అదే అంది. ఒక బకెట్టు, ఒక స్పాంజీ, ఎండ కాసే రోజు ఉంటే ఎవరైనా కడిగేస్తారు అని. సరే, కడగండి. జనవరిలో, పైపులో నీళ్ళు గడ్డ కట్టే రోజున, ఇంటి ముందు నిలబడి కడగండి చూస్తాను. (నవ్వులు) మేం సొరంగం అని పిలుచుకునే ఆ పొడుగాటి షెడ్డులో మోటార్లు తిరగాలి, నీళ్ళు వేడిగా ఉండాలి, వాడిన నీళ్ళు నేల కింద తొట్లలోకి పోయి తేరి మళ్ళీ పైకి రావాలి, ఒక్క చుక్క సబ్బునీళ్ళు వీధి కాలవలో పడినా ప్రభుత్వం వాళ్ళు వచ్చి నా పీక పట్టుకుంటారు. లియో రాత్రి పడుకున్నాక కూడా ఆ మోటార్ల చప్పుడు చెవుల్లో వినేవాడు. మోటారు మూలుగుతోందే అని లేచి కూర్చునేవాడు, నా గురకని మోటారనుకున్న రోజులు కూడా ఉన్నాయి, అది వేరే సంగతి.

ఇక ఉప్పు. పెన్సిల్వేనియా వాళ్ళకి ఉప్పు గురించి నేను చెప్పాలా? చలికాలమంతా మంచు కరగడానికి రోడ్ల మీద చల్లిన ఉప్పు కార్ల అడుగున పేరుకుని, ఇనుమును తినేస్తూ ఉంటుంది. మార్చి దాటి, మంచు కరిగి, ఎండ మొహం కనిపించిన మొదటి శనివారం ఊళ్ళో ప్రతి మగాడికీ ఒక్కసారే కారు గుర్తొస్తుంది. అక్కణ్ణుంచి మూడు నాలుగు శనివారాలు మాకు పంట కోతల్లాంటివి. ఆ శనివారాల్లో వచ్చిందే వేసవిలో మమ్మల్ని నిలబెడుతుంది, మోటార్లు బాగు చేయిస్తుంది, మనుషుల జీతాలు నిలుపుతుంది. ఎండ శనివారాలు పోయాయా, మేం పోయినట్టే.

ఇప్పుడు డ్వైట్ మాస్టారు కుర్చీలో కాస్త జారి కూర్చున్నారు, గమనించారా? (నవ్వులు) నీళ్ళు తాగండి మాస్టారూ, మీ వంతు వస్తోంది.

మన హైస్కూలు బ్యాండుకి ఆయన మాస్టారుగా ఉన్న రోజుల్లో ఒక ఏడు రాష్ట్ర రాజధానిలో జరిగే ఊరేగింపుకి పిలుపొచ్చింది. ఊరంతా పొంగిపోయింది, నేనూ పొంగిపోయాను, అబద్ధం చెప్పను. పిల్లల యూనిఫారాలు వాళ్ళ అమ్మానాన్నలు తొడుక్కున్నవే, చంకల దగ్గర చిరుగులు. బస్సు కావాలి, బట్టలు కావాలి. దానికి మాస్టారు ఏం చేశారు? మన ఊళ్ళో ఎవరికి ఏ ఆపదొచ్చినా ఏం చేస్తారో అదే చేశారు. చర్చి ఆవరణలో బకెట్లు పెట్టించి, కార్లు కడుగుతాం, మీ మనసుకి తోచింది ఇవ్వండి అని అట్టముక్క మీద రాయించారు. ఒక్క శనివారం కాదు, ఎండ ఉన్న ప్రతి శనివారం. చర్చి ఆవరణ ఎక్కడుంది? మా గేటుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డు దాటితే చాలు.

అంతకుముందు వారం ఒక బ్యాండు పిల్లాడి వాళ్ళమ్మ నా దగ్గరికొచ్చి, "వెర్నా, మీ దగ్గర మంచి గొట్టాలున్నాయి కదా, రెండు ఇస్తావా? సబ్బు కూడా కాస్త. పిల్లల కోసం" అంది. ఇచ్చాను. చూశారా, నన్ను ఉరి తియ్యడానికి తాడు కూడా నేనే ఇచ్చాను. (నవ్వులు) ఇవ్వకపోతే ఏమంటారు? ప్రతి సంవత్సరం బ్యాండు వాళ్ళ పుస్తకంలో మా ప్రకటన వేయించేదాన్ని, వాళ్ళు అమ్మే చాక్లెట్లు కొని కొని మా లియోకి పళ్ళు పుచ్చిపోయాయి. పిల్లలకి కాదని ఎలా అంటాం?

ఆ మొదటి శనివారం నేను గేటు దగ్గర నిలబడ్డాను. కొత్త తువ్వాళ్ళు మడతపెట్టి సిద్ధంగా ఉంచాం. ఎదురుగా పిల్లలు అట్టలు ఊపుతూ గంతులేస్తున్నారు, డ్రమ్ములు మోగుతున్నాయి. మా దగ్గరికి ఏళ్ళ తరబడి వచ్చే కార్లు ఒక్కొక్కటే మా గేటు దాకా వచ్చి, అవతలికి తిరిగాయి. తిరిగేటప్పుడు నన్ను చూసి నవ్వుతూ చెయ్యి ఊపారు. ఆ చెయ్యి ఊపడమే నాకు భరించలేనిదైంది. మొహం తిప్పుకుని పోతే తిట్టుకోవచ్చు, అంత ప్రేమగా చెయ్యి ఊపుతుంటే ఏం చేస్తాం? నేనూ ఊపాను. సాయంత్రానికి భుజం నొప్పెట్టింది, సొరంగంలో బ్రష్షులు మాత్రం తడవలేదు.

ఆ రోజు మధ్యాహ్నమే మా ఎల్వుడ్‌ని ఇంటికి పంపేశాను. ఎల్వుడ్ జీమన్ అంటే మీ అందరికీ తెలుసు, సొరంగం ముందు నిలబడి రండి రండి అని మీ కార్లని పట్టాల మీదకి ఎక్కించే మనిషి. పొడుగ్గా ఉంటాడు, తక్కువ మాట్లాడతాడు. రెండో శనివారం పొద్దున్నే పంపేశాను. మూడో శనివారం అసలు రావద్దన్నాను. ఆయన కూతురు కోరిన్ ఆ బ్యాండులోనే ఉంది, ఆ పెద్ద ఇత్తడి బాకా, మెడకి చుట్టుకునేది, అది ఊదేది. రోడ్డుకి అవతల కూతురు కార్లు కడుగుతోంది, అందువల్ల ఇవతల తండ్రికి పని లేదు. ఆ పిల్లకి ఆ సంగతి తెలియదు, నాన్న లోపల మోటార్ల దగ్గర ఉన్నాడనుకుంటోంది. ఎల్వుడ్ ఇంట్లో చెప్పలేదు. నాతో మాత్రం, "ఊరేగింపు అయ్యేదాకా దానికి తెలియనివ్వకండి వెర్నా గారూ, అది రాత్రుళ్ళు నిద్దట్లో కూడా ఆ పాటే ఊదుతోంది" అన్నాడు.

లియో ఒక సాయంత్రం మోటార్లన్నీ ఆపేసి వచ్చి, "చాలు వెర్నా, ఈ వేసవికి మూసేద్దాం" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, ఎదురు గోడకేసి చూస్తూ అన్నాడు. ఆ షెడ్డు ఆయన చేతులతో కట్టింది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

ఒళ్ళు మండితే నేనేం చేస్తానో ఈ ఊరికి తెలుసు. సోమవారం కౌన్సిల్ సమావేశంలో లేచి నిలబడ్డాను. పిల్లల్ని ఆపమని అడగలేదు, ఇప్పటికీ కొందరు అలా చెప్పుకుంటారు కాబట్టి ఇవాళ మైకులో చెప్తున్నాను, ఆపమని నేను అడగలేదు. మా గేటుకి ఎదురుగా, మాకు తిండి పెట్టే నాలుగు శనివారాల్లో మాత్రం వద్దు, కావాలంటే మా ఆవరణలోకే రండి, కలిసి చేద్దాం అన్నాను. హాలంతా గుసగుసలు. వెనకనుంచి ఎవరో, "పిల్లల కడుపు కొడతావా వెర్నా?" అన్నారు. ఎవరో నాకు తెలుసు, చెప్పను, ఆయన మొహం ఇప్పుడు ఎర్రబడింది, అది చాలు. (నవ్వులు)

అప్పుడు మాస్టారు లేచారు. టై సర్దుకున్నారు. "వెర్నా గారూ, మీరు చేసేది వ్యాపారం. మా పిల్లలు చేసేది సేవ. రెండిటికీ పోటీ ఏమిటి? నాలుగు బకెట్లకి భయపడతారా?" అన్నారు. చప్పట్లు మోగాయి.

నేనన్నాను: "మాస్టారూ, మీ బకెట్లు ఎండ వచ్చిన రోజున వస్తాయి. నేను వాన వచ్చినా మంచు పడినా తలుపు తీసి కూర్చుంటాను. మా దగ్గర పనిచేసే వాళ్ళ ఇళ్ళల్లో కూడా పిల్లలున్నారు. వాళ్ళ కోసం ఎవరు అట్టలు ఊపుతారు?" చప్పట్లు రాలేదు. నా మాటని బలపరచడానికి ఒక్క చెయ్యీ లేవలేదు. ఎల్వుడ్ పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది, చెబితే సభ నా వైపు తిరిగేదే, కానీ మాటిచ్చాను కాబట్టి మింగేశాను. ఆ మింగినందుకు ఇవాళ్టికీ నాకు గర్వంగానే ఉంది.

(కాస్త ఆగి) నీళ్ళు ఇటివ్వండి మాస్టారూ. అన్నీ మీరే తాగేశారా?

ఆ తర్వాత శనివారం ట్రౌట్ చేపలు పట్టడం మొదలయ్యే రోజు. ఆ రోజంటే మన ఊళ్ళో ఏమిటో మీకు తెలుసు. ఆ ముందు వారమే ఏట్లో చేపలు వదిలిపెడతారు, ఆ పొద్దున ఊరి మగాళ్ళంతా, సగం మంది ఆడాళ్ళూ, చంకల దాకా వచ్చే రబ్బరు లాగులు తొడుక్కుని, నీళ్ళల్లో భుజానికి భుజం ఆనించి నిలబడతారు. పెళ్ళికి ఆలస్యంగా వచ్చే మనిషి కూడా ఆ రోజు చీకటితోనే లేస్తాడు. ఇంత తెలిసిన ఊరు, ఇంతమంది చేపలు పట్టే ఊరు, చర్చి ఆవరణలో కాలవ ఎక్కడికి పోతుందో మాత్రం ఒక్కరూ ఆలోచించలేదు. పిల్లలు ఆ రోజు మరీ ఉత్సాహంగా, ఇళ్ళల్లోంచి గిన్నెలు తోమే సబ్బు కూడా సీసాలకొద్దీ తెచ్చి పోశారు. బ్రహ్మాండంగా నురగొచ్చింది. ఆ నురగ కాలవలో పడి, కొండ దిగి, నేరుగా ఏట్లోకి పోయింది.

మేయర్ గారూ, మీరు నవ్వుతున్నారు గానీ మీరూ ఆ రోజు ఆ నీళ్ళల్లోనే ఉన్నారు. ఏటి మీద తెల్లగా తేలుతూ వచ్చిన దాన్ని చూసి, "ఏప్రిల్లో మంచేమిట్రా?" అన్నది మీ ఆయనేనని విన్నాను. (నవ్వులు, చప్పట్లు) తర్వాత నిమ్మకాయ వాసన వచ్చిందట.

ఇంకేముంది, గేలాలు పట్టుకుని, రబ్బరు లాగులతో, నీళ్ళోడుకుంటూ, ఒక మందలాగా కొండెక్కి వచ్చారు. మా గేటు దగ్గర నుంచి నేనూ లియో చూస్తున్నాం. చర్చి ఆవరణలో డ్రమ్ములు ఆగిపోయాయి. ఏడాదంతా ఆ పిల్లల్ని ముద్దుచేసిన మనుషులే కేకలు. "మా చేపల్ని చంపుతారా? బుద్ధుందా మీ మాస్టారికి?" చిన్న పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. మాస్టారు చేతులు అడ్డం పెట్టి ఏదో చెప్పబోతున్నారు, ఎవరూ విననివ్వడం లేదు. ఊరేగింపు సంగతి తర్వాత, ముందు ఈ బ్యాండుని మూయించాలి అని కూడా ఎవరో అరిచారు. లియో నా చెవిలో, "చూశావా, నువ్వు సోమవారం చెప్పిందే" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నాకు తేనె తాగినంత తియ్యగా ఉండింది.

ఆ గుంపులోంచి చివరగా ఎల్వుడ్ వచ్చాడు. చేతిలో గేలం, ఒంటి మీద రబ్బరు లాగు. కోరిన్ స్పాంజీ పట్టుకుని నిలబడి ఉంది, తండ్రిని చూసి బిత్తరపోయింది.

"నాన్నా, నువ్విక్కడేంటి? ఇవాళ శనివారం కదా, పనిలో లేవా?"

ఎల్వుడ్ కోప్పడలేదు. ఆయనకి కోపం లేదు. ఇక దాచలేక, చాలా మెల్లగా అన్నాడు.

"పని నీ దగ్గరుంది కదమ్మా."

ఆ పిల్ల రోడ్డుకి ఇవతల ఖాళీగా ఉన్న మా సొరంగాన్ని చూసింది. చేతిలో స్పాంజీని చూసుకుంది. దాన్ని నెమ్మదిగా బకెట్లో పెట్టేసింది. కేకలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మాస్టారు టోపీ తీసి చేత్తో పట్టుకుని, కూతురి వైపూ తండ్రి వైపూ మార్చి మార్చి చూశారు, తర్వాత నా వైపు చూశారు. ఆ చూపు చూశాక నా నోట్లో తేనె కాస్తా చేదెక్కింది.

అప్పుడు నేను రోడ్డు దాటాను. ఎందుకు దాటానని చాలామంది అడిగారు. దయ అని కొందరు, తెలివి అని కొందరు. రెండూ కాదు. నా కళ్ళ ముందు సగం తడిసి, నురగతో, ఎండకి మరకలు కడుతున్న కార్ల వరస ఉంది. ఒక కారుని అలా వదిలేసి పోవడం నా వల్ల కాదు. (నవ్వులు) వెళ్ళి మాస్టారితో అన్నాను: "ఈ బకెట్లు పారబోయకండి, మూతలు పెట్టండి. పిల్లల్ని తీసుకుని ఇవతలికి రండి. సబ్బు నీళ్ళ సంగతి మా తొట్లు చూసుకుంటాయి. కడగడం మాది, తుడవడం మీది, వచ్చినదాంట్లో సగం మీ బస్సుది." మాస్టారు, "వెర్నా గారూ, సోమవారం నేనన్న మాట..." అని మొదలెట్టారు. "అది తర్వాత, ముందు కార్లు ఎండిపోతున్నాయి, కదలండి!" అన్నాను.

ఎల్వుడ్ బట్టలు మార్చుకోడానికి కూడా వెళ్ళలేదు. ఆ రబ్బరు లాగుతోనే సొరంగం ముందు నిలబడి, రండి రండి అని చేతులూపాడు. చేపల కోసం వచ్చినవాళ్ళు ఎలాగూ చేపలు లేవు కదా అని కార్లు తెచ్చుకున్నారు. లియో మోటార్లన్నీ ఒక్కసారే ఆన్ చేశాడు, ఆ చప్పుడు విని నాకు అప్పుడొచ్చింది ఏడుపు. సొరంగం అవతలి చివర పిల్లలు తువ్వాళ్ళతో వరసగా నిలబడి, కారు బయటికి రాగానే మీద పడి తుడిచారు. సాయంత్రం కోరిన్ ఆ పెద్ద బాకా తెచ్చి మా గేటు ముందు ఊరేగింపు పాట ఊదింది, పక్కనే ఎల్వుడ్ తువ్వాళ్ళు పిండుతూ నిలబడ్డాడు. మా షెడ్డు కట్టాక అంత పొడుగు వరస నేను చూడలేదు. వేసవికి మూసేద్దామన్న మాట లియో మళ్ళీ ఎత్తలేదు, చచ్చేదాకా ఎత్తలేదు.

ఆ తర్వాత సంగతులు మీకు తెలుసు, పిల్లలు ఊరేగింపుకి వెళ్ళొచ్చారు. చలికాలంలోనే పిల్లలు ఇంటింటికీ తిరిగి మా వాష్ టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. బ్యాండు వాళ్ళు, స్కౌట్లు, చివరికి ఈ అగ్నిమాపక దళం కూడా. అమ్మినదాంట్లో సగం వాళ్ళది, ఆ టికెట్లు పట్టుకుని వచ్చిన కొత్త మొహాలు మావి. ఎదురుగా బకెట్లు పెట్టుకుంటే మేం మునిగేవాళ్ళం, వాళ్ళకీ ఎండ ఉన్నంతసేపే. పక్కూళ్ళల్లో మాలాంటి వాష్‌లు ఎన్ని మూతపడ్డాయో నేను చూశాను, మూసినవాళ్ళందరూ పిల్లలంటే ఇష్టం లేనివాళ్ళు కాదు. వాళ్ళ తరఫున కూడా చెప్తున్నాను. దానం చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. చేసేముందు ఎదురుగా ఎవరి తలుపు ఉందో ఒక్కసారి తలెత్తి చూడండి.

ఇప్పుడు అసలు వార్త. మా కార్ వాష్‌ని ఎవరు తీసుకుంటున్నారని ఊరంతా అడుగుతోంది. ఏదో పెద్ద కంపెనీ అని పుకారు. కాదు. బడి నుంచి రిటైరయ్యి, ఇంట్లో వాళ్ళావిడ చేత రోజూ తిట్లు తింటున్న ఒక పెద్దమనిషి తీసుకుంటున్నాడు. లేవండి డ్వైట్ మాస్టారూ. (నవ్వులు, చాలాసేపు చప్పట్లు) అవును, నాలుగు బకెట్లకి భయపడతారా అని నన్ను అడిగిన మాస్టారే. ఎల్వుడ్ ఆయన దగ్గరే ఉంటాడు, ఆ షరతు మీదే ఇచ్చాను.

కాయితాల మీద సంతకాలయ్యాక, ఈ సోమవారం నాకు ఫోను. అవతల మనిషి రొప్పుతున్నాడు. "వెర్నా గారూ, దారుణం! అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టు చర్చి ఆవరణలో అట్ట కట్టారు. శనివారం కార్లు కడుగుతారట. నా గేటు ముందు! ఎండ వచ్చే మొదటి శనివారం! ఇదేం న్యాయమండీ?"

నేను కుర్చీలో వెనక్కి వాలాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. లియో ఉంటే బాగుండునని ఆ రోజు అనిపించినంతగా ఇంకెప్పుడూ అనిపించలేదు. "మాస్టారూ, వాళ్ళు చేసేది సేవ కదా" అన్నాను. (నవ్వులు) తర్వాత చిన్న గొంతుతో, "ఇప్పుడేం చెయ్యమంటారు?" అన్నారు.

"రోడ్డు దాటండి" అన్నాను.

దాటారు. కాసేపట్లో మీకు పిరోగీలు వడ్డించబోతున్నారు చూడండి, ఆ అమ్మాయిలే. రేపు సొరంగం చివర తువ్వాళ్ళతో నిలబడేది వాళ్ళే.

నన్ను ఇన్నాళ్ళు భరించిన ఈ ఊరికి, చెయ్యి ఊపినవాళ్ళకి, తిరిగొచ్చినవాళ్ళకి, మాట తక్కువ మనసెక్కువ అయిన ఎల్వుడ్‌కి, పైనెక్కడో మోటార్ల చప్పుడు వింటూ ఉండే మా లియోకి, అందరికీ నా కృతజ్ఞతలు. నా కారు ఈ చలికాలమంతా కడగలేదు, కావాలనే. దాని రంగేమిటో నాకే గుర్తులేదు. రేపు పొద్దున మొదటిసారి మీ అందరిలాగే వరసలో నిలబడతాను. ఎల్వుడ్, నన్ను చూసి ఊరికే చెయ్యి ఊపేవు, జాగ్రత్త. రండి రండి అని లోపలికి పిలువు. వస్తున్నాను.

సెలవు.